పెండ్లి గ్రూపు ఫోటో: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ముహూర్తాలు దగ్గరపడుతున్న కొద్దీ ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో పెండ్లి ఫోటోల ప్రస్తావన పెరుగుతుంది. ఈసారి వచ్చినవాటిలో గ్రూపు ఫోటోల గురించి అడిగినవే ఎక్కువ కనుక వాటిని ఒకచోట చేర్చాము. హనుమకొండలో స్టూడియో నడుపుతూ, వరంగల్, కరీంనగర్ ప్రాంతాల పెండ్లిళ్లకు పనిచేసే ఫోటోగ్రాఫరుగా నాకు తెలిసినంత మేరకు సమాధానాలు ఇస్తున్నాను. పొడవైన ఉత్తరాలను కుదించాము.

ప్రశ్న (హనుమకొండ నుండి ఒక పాఠకురాలు): త్వరలో నా పెండ్లి. క్యాండిడ్ ఫోటోలు (నిలబెట్టకుండా, సహజంగా ఉన్నప్పుడు తీసేవి) చాలునని నేను, గ్రూపు ఫోటోలు తప్పనిసరి అని మా నాన్నగారు వాదించుకుంటున్నాము. వరుసగా నిలబడి కెమెరా వైపు చూసే ఆ ఫోటోలతోనే ఆల్బమ్ సగం నిండిపోతుంది, వాటిని ఎవరూ తిరిగి చూడరు. అవి నిజంగా అవసరమా?

సమాధానం: ఎవరూ తిరిగి చూడరన్న మాట పెండ్లయిన మొదటి కొన్నేండ్లకు వర్తిస్తుంది. ఆ కాలంలో ఆల్బమ్ తెరిచేది పెండ్లికొడుకు, పెండ్లికూతురే కాబట్టి వారు చూసుకునేవి కూడా తమ ఫోటోలే. గ్రూపు ఫోటోకు పని పడేది ఆ తరువాత. ఇంట్లో పెద్దవారు ఎవరైనా కాలం చేసినప్పుడు, పెద్దకర్మకు ముందు ఆ ఇంటివాళ్లు స్టూడియోకు వచ్చి, ‘ఇందులోంచి మా అవ్వను ఒక్కదాన్నే తీసి పెద్దగా చేసి ఇయ్యండి’ అని ఒక ఫోటో చేతిలో పెడతారు. అది చాలాసార్లు ఏదో ఒక పెండ్లి గ్రూపు ఫోటోనే అయి ఉంటుంది. ఆ అవ్వ మంచి చీర కట్టుకొని, తల దువ్వుకొని, కదలకుండా, నేరుగా కెమెరా వైపు చూసిన సందర్భం ఆధార్ కార్డు ఫోటో కాకుండా అదొక్కటే. ఎడమ భుజం మీద పక్కామె చెయ్యి ఉంటుంది, చెవి దగ్గర వెనుక నిలబడిన వారి కొంగు వచ్చి ఉంటుంది. వాటిని తుడిచి, నేపథ్యం మార్చి, ఫ్రేము కట్టి ఇస్తాము. క్యాండిడ్ ఫోటోలలో అదే అవ్వ విస్తరి ముందు వంగి ఉంటుంది, లేదా ఎవరితోనో మాట్లాడుతూ పక్కకు తిరిగి ఉంటుంది. అవి ప్రాణమున్న ఫోటోలే కాని ఈ అవసరానికి అక్కరకు రావు.

ఇది ఒక్క ఉపయోగం మాత్రమే. పెండ్లి అనేది ఇద్దరి వ్యవహారం కాదని, రెండు ఇండ్లు వియ్యమందుకోవడమని మనవాళ్లు అంటారు గదా. ఆ రెండు ఇండ్లలో ఆ రోజుకు ఎవరెవరు ఉన్నారో, ఎవరికి ఎవరు ఏమవుతారో ముఖాలతో సహా నమోదయ్యేది గ్రూపు ఫోటోలోనే. తలంబ్రాలు పోసుకునేటప్పుడు మీ నవ్వును పట్టుకున్న ఫోటోలో వెనుక మీ పెద్దమేనత్త సగం ముఖం కనిపిస్తే అది చక్కని ఫోటోయే కావచ్చు, కాని మీ పిల్లలకు మేనత్తను చూపించే ఫోటో మాత్రం కాదు.

వెనుకటి వాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు, ఎందుకంటే వారికి ఫోటోలు కొద్దిగానే దక్కేవి. ఫోటోగ్రఫీ 1839లో లోకానికి వెల్లడైన తరువాత చాలాకాలం పాటు మనిషి కొన్ని క్షణాలైనా కదలకుండా ఉంటే తప్ప బొమ్మ పడేది కాదు. మన ప్రాంతం నిజాం రాజ్యంలో ఉన్న రోజులలో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరుగా పనిచేసిన లాలా దీన్‌దయాళ్ సికింద్రాబాదులో స్టూడియో పెట్టి, ప్రముఖుల బృందాలను ఎన్నింటినో తీశారు. నిజాం ఆయనకు రాజా బిరుదు ఇచ్చారు. ఆ కాలపు బృంద చిత్రాలలో కనిపించే అమరిక, అంటే నడుమ కుర్చీలలో పెద్దలు, వెనుక నిలబడినవారు, ముందు నేలమీద పిన్నవారు, తరువాత బడి ఫోటోలలోనూ, ఆఫీసు వీడ్కోలు ఫోటోలలోనూ, పెండ్లి ఫోటోలలోనూ స్థిరపడింది. నలుపు తెలుపు కాలంలో 120 సైజు ఫిల్ము మీద చదరపు ఫోటోలు తీస్తే రోలుకు 12 మాత్రమే వచ్చేవి. అటువంటి రోలు ఒకటో రెండో ఖర్చు చేసిన పెండ్లిలో ఒక ఫ్రేము మొత్తం కుటుంబానికి పోయేది కాబట్టి, ఆ ఒక్కదానికి ఇంటి ముందు బెంచీలు వేసి, పిల్లలకు వరంగల్ కొత్తవాడ నేతవారి జంపఖానా పరిచి, పొలం దగ్గర ఉన్నవారిని కూడా పిలిపించి కూర్చోబెట్టేవారు. ఇప్పుడు ఒక్క పెండ్లికి వేల ఫోటోలు తీస్తున్నాము కాని, ఆ వేలలో పెదనాన్న, పెద్దమ్మ పక్కపక్కన ఉన్నది ఒక్కటీ దొరకని ఆల్బములు నేను చూస్తూనే ఉన్నాను.

మీ మాటలోనూ కొంత న్యాయం ఉంది. స్టేజి మీదికి వచ్చి కట్నం చదివించి పోయే ప్రతి ఒక్కరితో తీసే ఫోటోలు, కుటుంబ గ్రూపు ఫోటోలు ఒకటి కావు. ఆల్బమ్ ను నింపేవి మొదటి రకం. వాటిని పెన్‌డ్రైవులో ఉంచుకొని, కుటుంబ గ్రూపులు పది పన్నెండింటిని మాత్రమే ఆల్బములో పెద్దవిగా వేయించుకోండి. మీ నాన్నగారు అడిగేది కూడా బహుశా అదే అయి ఉంటుంది.

ప్రశ్న (కరీంనగర్ నుండి ఒక పాఠకుడు): మా పెద్దమ్మాయి పెండ్లిలో గ్రూపు ఫోటోకు పిలవలేదని మా బావగారు అలిగి భోజనం చేయకుండానే వెళ్లిపోయారు. ఇప్పుడు చిన్నమ్మాయి పెండ్లి కుదిరింది. ఎవరినీ మరవకుండా, ఎక్కువ సమయం పట్టకుండా ఎట్లా తీయించాలి?

సమాధానం: ఫోటోగ్రాఫరుకు మీ బావగారి ముఖం తెలియదు, మీరేమో పీటల దగ్గర ఉన్నారు, పిలిచే పని ఎవరికీ అప్పగించి ఉండరు. పది పెండ్లిళ్లలో తొమ్మిదింట అలకలకు కారణం ఇదే. పెండ్లికి వారం ముందే కూర్చొని కాగితం మీద జాబితా రాయండి. ‘అమ్మ తరపు వాళ్లు’ అని గుంపుగా రాస్తే లాభం లేదు. ఇంటి పేరుతోనో, ఊరి పేరుతోనో, ఆ ఇంట్లో ఎందరో, అందరి పేర్లతో సహా రాయాలి. ఒక ప్రతి ఫోటోగ్రాఫరుకు ఇచ్చి, ఇంకొక ప్రతిని ముఖాలు తెలిసిన, గొంతున్న మనిషికి ఇవ్వండి. మీ వైపు ఒకరు, వియ్యాలవారి వైపు ఒకరు ఉండాలి. పెండ్లికూతురి అన్నదమ్ములకు ఈ పని పెట్టకండి. వాళ్లు ఆ రోజు వంటలవారికీ బ్యాండువారికీ మధ్య తిరుగుతూ ఉంటారు. పినతండ్రి కొడుకుల్లోనో, చిన్న మేనమామల్లోనో చలాకీగా ఉన్నవారు దీనికి సరిపోతారు. ఇంకొక మాట: మైకులో పేరు చదివితే అది పిలుపు కిందికి రాదు. మనిషి వెళ్లి ‘మామా, ఫోటోకు రాండ్రి’ అని చెయ్యి పట్టుకొని తీసుకురావాలి.

క్రమం విషయానికి వస్తే, తాతలు, అవ్వలు ఉన్న గ్రూపు అన్నింటికన్నా ముందు పూర్తి కావాలి. వారికి మోకాళ్ల నొప్పులు ఉంటాయి, షుగరు మాత్ర వేసుకున్నాక వేళకు తినవలసి ఉంటుంది. ఆ తరువాత చంటిపిల్లలున్న ఇండ్లు. ఆ పైన పెద్ద గ్రూపుతో మొదలుపెట్టి తగ్గించుకుంటూ రావాలి. రెండు వైపులవారు అందరూ కలిసి ఒకటి, అందులోంచి వియ్యాలవారు దిగిపోతే మీ ఇంటివారిది ఒకటి, దానిలోంచి దాయాదులు దిగితే అక్కచెల్లెండ్లు అన్నదమ్ములది ఒకటి, ఇట్లా పోతే ఎవరూ రెండుసార్లు స్టేజి ఎక్కనక్కరలేదు. మనుషులు సిద్ధంగా ఉంటే ఒక్కొక్క గ్రూపుకు రెండు మూడు నిమిషాలు సరిపోతాయి. పదిహేను గ్రూపులకు ముప్పావుగంట అనుకోండి.

ఆ ముప్పావుగంట ఎక్కడ దొరుకుతుందన్నదే అసలు చిక్కు. పుస్తె కట్టి తలంబ్రాలు ముగియగానే చదివింపుల వరుస స్టేజి కింద మొదలవుతుంది. అది ముగిసేసరికి సగం మంది బంధువులు బస్సు ఎక్కి ఉంటారు. మిగిలినవారితో అప్పగింతలకు ముందు తీసే గ్రూపుల్లో ఏడ్చి ఏడ్చి వాచిన ముఖాలే ఉంటాయి. కాబట్టి రెండు ఇండ్లవారు కలిసి ఉండనక్కరలేని గ్రూపులన్నీ ముహూర్తానికి ముందే ముగించండి. పెండ్లికూతురితో మీ వైపువారివి గౌరీపూజ అయిన వెంటనే, పెండ్లికొడుకుతో వారి వైపువి విడిదిలోనే. వధూవరులిద్దరూ ఉండవలసిన ఆరేడు మాత్రమే తలంబ్రాల తరువాతకు మిగులుతాయి. వాటికి పది పదిహేను నిమిషాలు కావాలని అయ్యగారికి, చదివింపులు రాసేవారికి ముందే చెప్పి పెట్టండి.

నిలబెట్టే వరుసలో వధూవరులు నడుమ, వరుని ఎడమ పక్కన వధువు, వధువు వైపున ఆమె తల్లిదండ్రులు, వరుని వైపున ఆయన తల్లిదండ్రులు ఉంటే చూసేవారికి ఎవరు ఎటువైపువారో పేర్లు చెప్పకుండానే తెలుస్తుంది. మేనమామకు మాత్రం చివర చోటు చూపించకండి. బావగారి అలక ఒక్క పూటతో పోతుంది కాని మేనమామ అలక మీ మనుమల పెండ్లిదాకా వస్తుంది.

ప్రశ్న (ములుగు నుండి ఒక పాఠకురాలు): మా బాపు లేరు. నా పెండ్లి పనులన్నీ అమ్మే చేస్తున్నది కాని, మొన్న ప్రధానం రోజున ఫోటో అనగానే పక్కకు తప్పుకున్నది. బంధువులు కూడా అదే పద్ధతి అన్నారు. పెండ్లిలో ఆమె నా పక్కన ఉండాలని నా కోరిక.

సమాధానం: మీ కోరిక న్యాయమైనది, నెరవేర్చడం కూడా కష్టం కాదు. ఫోటోగ్రాఫరుకు ఈ సంగతి ముందే చెవిన వేసి, వధూవరులతో తీసే మొట్టమొదటి గ్రూపు మీ అమ్మగారిదే అయ్యేటట్లు చూడండి. ఆమెను నిలబెట్టకుండా నడుమ కుర్చీ వేసి కూర్చోబెట్టి, మీరిద్దరూ ఆమెకు అటూ ఇటూ ఉండండి. ఆమెను పిలిచేది మీరు కాకుండా పెండ్లికొడుకు అయితే ఇంకా మంచిది. కొత్త అల్లుడు ‘అత్తమ్మా, మీరు రాకపోతే మేము దిగము’ అన్నాక అడ్డు చెప్పే బంధువును నేను ఇంతవరకు చూడలేదు. మీ బాపు ఫోటో ఫ్రేమును ఆమె చేతికిచ్చి ఒకటి తీయించుకోవచ్చు, కాని ఆ వెంటనే ఫ్రేము లేకుండా ఇంకొకటి తీయించండి. పెండ్లి ఆల్బములో ఆమె మీ అమ్మగా కూడా కనిపించాలి.

ప్రశ్న (జగిత్యాల నుండి ఒక పాఠకుడు): మా అన్న దుబాయిలో ఉన్నాడు, చెల్లె పెండ్లికి సెలవు దొరకలేదు. ఆయనను గ్రూపు ఫోటోలో తరువాత చేర్చవచ్చా? పోయిన మా నాయినను కూడా చేర్చితే బాగుంటుందని అమ్మ అంటున్నది.

సమాధానం: జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుండి ఈ ప్రశ్న ప్రతి పెండ్లిళ్ల కాలంలోనూ వస్తుంది. చేర్చవచ్చు, అయితే పాస్‌పోర్టు ఫోటోలోంచి తల కోసి అతికించమంటే ఎంత పనిమంతుడైనా చేయలేడు. మీరు చేయవలసినది ఇది. గ్రూపు తీసేటప్పుడు వరుస చివరకు దగ్గరగా, అన్న నిలబడవలసిన చోట ఆయన ఎత్తే ఉన్న ఒక మనిషిని నిలబెట్టి ఒక ఫోటో, ఆ మనిషిని తప్పించి ఖాళీ ఉంచి ఇంకొక ఫోటో, కెమెరా కదలకుండా తీయించండి. మొదటి ఫోటో వల్ల నీడ ఎక్కడ పడుతున్నదో, భుజం ఏ ఎత్తులో రావాలో తెలుస్తుంది. ఆ తరువాత అన్నను దుబాయిలోనే సాదా గోడ ముందు, వెలుతురు అదే పక్కనుండి పడేటట్లు నిలబెట్టి, ఫోనును తీసేవారి ఛాతీ ఎత్తులో పట్టుకొని, నాలుగైదు మీటర్ల దూరం నుండి, కాళ్ల దాకా వచ్చేటట్లు తీయమనండి. దగ్గరికి వచ్చి తీస్తే తల పెద్దదిగా, కాళ్లు చిన్నవిగా వస్తాయి. ఆ ఫోటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది కాబట్టి డాక్యుమెంటుగా పంపాలి. ఇవన్నీ ఆయనకు ముందు రోజే ఫోనులో వివరంగా చెప్పండి, నిలబడిన తీరు కూడా చూపించండి.

అన్నను చేర్చని అసలు ఫోటోను కూడా దాచుకోవాలి. చేర్చినదాని వెనుక ఆ సంగతి, తేదీ రాయాలి. నాయిన గారి విషయంలో మాత్రం నా అభిప్రాయం వేరు. నేను ఆ పని ఒప్పుకోను. అన్న బతికి ఉన్నాడు, ఆ రోజు ఆ పెండ్లి కోసం దూరాన బట్టలు మార్చుకొని నిలబడినాడు. అందులో అబద్ధం కొంచెమే. చనిపోయినవారిని అల్లుని పక్కన నిలబెడితే రేపు పుట్టబోయే పిల్లలు తమ తాత ఈ పెండ్లి చూసినాడనే నమ్ముతారు, కాదని చెప్పడానికి అప్పటికి ఎవరూ ఉండకపోవచ్చు. అమ్మగారి మనసు నొప్పించకుండా, నాయిన ఫోటో ఉన్న గోడ ముందు ఒక గ్రూపు తీయించండి.

ప్రశ్న (నర్సంపేట నుండి ఒక యువ ఫోటోగ్రాఫరు): గ్రూపు ఫోటోలలో చివరి మనుషులు లావుగా వస్తున్నారు, వెనుక వరుస మసకగా ఉంటున్నది, ఎవరో ఒకరు కన్ను మూస్తున్నారు. నా దగ్గర ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సరు ఉన్న) కెమెరా, 24-70 ఎం.ఎం. లెన్స్, 50 ఎం.ఎం. లెన్స్ ఉన్నాయి.

సమాధానం: మూడు లోపాలకు మూడు కారణాలు. చివరివారు సాగిపోవడం మీరు లెన్స్‌ను 24 ఎం.ఎం. దగ్గర, అంటే అన్నింటికన్నా వెడల్పుగా చూపించే చోట, పెట్టి, స్టేజి మీదికే ఎక్కి తీయడం వల్ల. ఆ కోణంలో ఫ్రేము అంచున ఉన్న తల దాదాపు నాలుగో వంతు వెడల్పు పెరుగుతుంది. 35 దగ్గర అది సుమారు ఎనిమిదో వంతుకు, 50 దగ్గర ఆరు శాతానికి పడిపోతుంది. కాబట్టి స్టేజి దిగి వెనక్కి నడవండి. 35 ఎం.ఎం. లెన్స్‌తో అయిదు మీటర్ల దూరం నుండి సుమారు అయిదు మీటర్ల వెడల్పు పడుతుంది. భుజాలు కొద్దిగా లోపలికి తిప్పి నిలబెడితే ఒక వరుసలో పది మంది వస్తారు. ముందు వరుస కుర్చీలను హాలులో ఉన్నవారు తిప్పుకొని కూర్చోకముందే ఆ దారి ఖాళీ చేయించుకోవాలి. అంచున లావుపాటివారిని నిలబెట్టకపోవడం కూడా ఒక మర్యాద. వారికి ఆ సంగతి తెలియనవసరం లేదు.

మసకకు కారణం ఎపర్చర్, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం. ఎఫ్ అంకె చిన్నదైన కొద్దీ ఆ రంధ్రం పెద్దదై, స్పష్టంగా వచ్చే లోతు తగ్గుతుంది. 50 లెన్స్‌ను ఎఫ్ 1.8 దగ్గర పెట్టి అయిదు మీటర్ల నుండి తీస్తే స్పష్టంగా వచ్చే లోతు మీటరుకు కొంచెం ఎక్కువ. మూడు వరుసలకు మీటరున్నర నుండి రెండు మీటర్ల లోతు కావాలి. ఎఫ్ 8 కు పోతే మూడు వరుసలూ నిశ్చింతగా పడతాయి. వెలుతురు చాలకపోతే ఎఫ్ 5.6 కన్నా కిందికి రాకండి, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచుకోండి. రెండు వరుసలుంటే ముందు వరుస మీద, మూడు వరుసలుంటే నడుమ వరుస మీద ఫోకస్ చేయండి. ఫంక్షన్ హాలు సోఫా ఒకటి ఈ పనికి పెద్ద శత్రువు. దాని వీపు అంత వెనకకు ఉంటుంది కనుక వెనుకవారు ముందువారికి బాగా దూరమవుతారు. డెకరేషనువారితో మాట్లాడి కుటుంబ గ్రూపులు తీసేంతసేపు దానిని పక్కకు జరిపించి, మామూలు కుర్చీలు వేయించండి. కుర్చీల వెనుక ఉన్నవారు కుర్చీని తాకేటంత దగ్గరగా నిలబడాలి, ప్రతి ముఖమూ రెండు తలల సందులోంచి కనిపించాలి.

ఫ్లాష్ ఒక పక్కనే, దగ్గరలో పెడితే ఆ పక్క మనిషి తెల్లబోతాడు, అవతలి చివర చీకటి పడుతుంది, ఎందుకంటే దూరం రెట్టింపు అయితే వెలుతురు నాలుగో వంతుకు తగ్గుతుంది. గొడుగులు తగిలించిన రెండు ఫ్లాషులను కెమెరాకు అటూ ఇటూ దూరంగా, మనిషి ఎత్తుకన్నా బాగా పైన ఉంచితే ఈ తేడా తగ్గుతుంది, కళ్లద్దాలలో మెరుపు కూడా పడదు. వెనుక ఎల్ఈడీ తెర గాని, చవక రకం బల్బులు గాని ఉంటే ఫోటోలో అడ్డ చారలు వస్తాయి. మన కరెంటు 50 హెర్ట్‌జ్‌ది, దానితో వెలిగే ఇటువంటి దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. షట్టరు తెరిచి ఉండే సమయాన్ని సెకనులో 100వ వంతు దగ్గర ఉంచి ఒకటి తీసి చూసుకోండి. తెర మీద చారలు అప్పటికీ పోకపోతే ఆ అయిదు నిమిషాలు దానిని ఆపించడమే మేలు.

ఇక కండ్లు మూయడం. ఆస్ట్రేలియాకు చెందిన నిక్ స్వెన్సన్, పియర్స్ బార్న్స్ అనే ఇద్దరు, గ్రూపులో ఎవరూ కన్ను మూయని ఫోటో ఒకటైనా దక్కాలంటే ఎన్ని తీయాలో లెక్కగట్టి 2006లో ఇగ్ నోబెల్ బహుమతి పొందారు. నవ్వు పుట్టించి ఆ పైన ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే బహుమతి అది. వారి సూత్రం తేలిక: గ్రూపులో 20 మంది లోపు ఉంటే, మంచి వెలుతురులో మనుషుల సంఖ్యను మూడుతో, వెలుతురు తక్కువైతే రెండుతో భాగించినన్ని ఫోటోలు తీయాలి. పన్నెండు మందికి నాలుగో, ఆరో అన్నమాట. మనుషులు 50కి చేరితే ఎన్ని తీసినా ఆశ వదులుకోవలసిందే. అటువంటప్పుడు ట్రైపాడ్ మీద వరుసగా పది తీసి, ఒకదానిలో మూసిన కండ్లకు ఇంకొకదానిలో తెరిచిన ముఖం తెచ్చి పెట్టడం తప్ప దారి లేదు. అన్నీ ఒకే నిమిషంలో, ఒకేచోట తీసినవి కాబట్టి అందులో నాకు అభ్యంతరం లేదు. అందరినీ కండ్లు మూసుకోమని, మూడు అనగానే తెరవమని, తెరిచిన అర క్షణానికి నొక్కడం కూడా బాగానే పనిచేస్తుంది. పిల్లలను మాత్రం చివరి నిమిషంలో పిలవండి. ముందు కూర్చోబెడితే పెద్దలు సర్దుకునేలోపల వాళ్లు లేచిపోతారు.

ప్రశ్న (పరకాల నుండి ఒక పాఠకుడు): మా తాతగారి ఇంట్లో 1970ల నాటి నలుపు తెలుపు పెండ్లి గ్రూపు ఫోటో గోడకు ఉంది. అద్దానికి అంటుకుపోయింది. సగం మంది ఎవరో మాకు తెలియదు.

సమాధానం: అద్దం నుండి ఊడదీయకండి. ఫోటో పై పొర అద్దంతోనే వచ్చేస్తుంది. ఫ్రేము వెనుక చెక్క మాత్రం తీసి, అద్దం ఉండగానే స్కానరు మీద బోర్లించి 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాను చేయించండి. గాజు మీద మెరుపు పడుతుంటే, కెమెరాతో, రెండు పక్కల నుండి ఏటవాలుగా దీపాలు పెట్టి తీయవచ్చు. నలుపు తెలుపు ఫోటోలో బొమ్మ వెండితో ఏర్పడింది కాబట్టి తేమకు, ఎండకు దూరంగా ఉంటే ఇంకా చాలాకాలం నిలుస్తుంది. అదే ఇంట్లో 1980ల నాటి రంగుల ఫోటోలుంటే వాటిని ముందు స్కాను చేయించండి. వాటిలో నీలి రంగు ముందుగా వెలిసిపోయి ముఖాలు ఎర్రబారుతుంటాయి. జిగురు పేజీల ఆల్బములలోంచి కూడా ఫోటోలను బయటకు తీయించండి.

పేర్ల సంగతి ఇంతకన్నా తొందరైనది. స్కాను చేసినదాన్ని పెద్దగా ప్రింటు తీసి, దాని మీద పలుచని కాగితం పరిచి తలల ఆకారాలు గీసి, ఒక్కొక్క తలకు అంకె వేయండి. ఆ కాగితం పట్టుకొని ఊర్లో పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లండి, ఒక్కరి దగ్గరికి కాదు, ఇద్దరు ముగ్గురి దగ్గరికి విడివిడిగా. ‘వీరెవరు’ అని అడిగితే గుర్తు రాకపోవచ్చు. ‘ఈమె పక్కన కూర్చున్నది ఎవరై ఉంటారు’ అని అడిగితే వరుసను బట్టి చెప్పగలుగుతారు, ఎందుకంటే ఆ రోజులలో ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలన్నది వరసలను బట్టే ఉండేది. కుర్చీలో ఉన్నవారి నుండి మొదలుపెట్టండి, నేలమీది పిల్లలను చివర అడగండి. ఆ పిల్లల్లో ఒకరిద్దరు ఇప్పుడు మీకు సమాధానం చెబుతున్నవారే కావచ్చు. ప్రింటు వెనుక రాసేటప్పుడు మెత్తని పెన్సిల్ వాడండి. బాల్‌పెన్ను గీత ముందు వైపుకు ఉబుకుతుంది.

ప్రశ్న (కాజీపేట నుండి ఒక పాఠకురాలు): రెండు కుటుంబాల గ్రూపు ఫోటోను ఖిలా వరంగల్ కీర్తితోరణం ముందు తీయించుకోవాలని ఉంది. మంచి ఆలోచనేనా?

సమాధానం: వధూవరుల వరకు మంచి ఆలోచనే. నలభై మందిని, అందులో పెద్దవారిని, పట్టుచీరలతో బస్సులో తీసుకుపోయి ఎండలో నిలబెట్టడం మాత్రం వద్దు. తోరణం ఎత్తంతా ఫ్రేములోకి రావాలంటే మనుషులు చీమలంత అవుతారు, మనుషులు కనిపించేంత దగ్గరికి వస్తే తోరణం స్తంభాలుగా మిగులుతుంది. ట్రైపాడు, దీపాల స్టాండ్లు పెట్టాలంటే పురావస్తు శాఖవారి అనుమతి కూడా కావాలి. అంతకన్నా ఫంక్షన్ హాలు ముందరి మెట్లు చూడండి. నీడ పడే వేళలో నాలుగు మెట్ల మీద నాలుగు వరుసలు ఏ బెంచీ అవసరం లేకుండానే వస్తాయి.

ప్రశ్న (జనగామ నుండి ఒక పాఠకుడు): మా కుటుంబ గ్రూపు ఫోటోను ఒక స్టూడియోవారు తమ ప్రచార బ్యానరు మీద వేసుకున్నారు. అడిగితే ఫోటో మేము తీసినది, హక్కు మాదే అన్నారు. నిజమేనా?

సమాధానం: 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షను ప్రకారం, ఎవరైనా డబ్బు ఇచ్చి తీయించుకున్న ఫోటోకు, అందుకు విరుద్ధమైన ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. అందువల్ల మీరు అడ్వాన్సు కట్టినప్పుడు సంతకం చేసిన రసీదు, ఒప్పంద పత్రం వెనుక సన్న అక్షరాలను ముందు చదవండి. అక్కడ హక్కును వారికి వదులుకున్నట్టు లేకపోతే, బ్యానరు తీసివేయమని రాతపూర్వకంగా కోరండి, ఆ ఉత్తరం నకలు దగ్గర ఉంచుకోండి. ఒరిజినల్ ఫైళ్లు ఇవ్వాలా, ఎన్నాళ్లు దాచాలి అన్నవి మాత్రం వేరే సంగతులు. అవి ఒప్పందంలో రాసుకున్నదాన్ని బట్టే ఉంటాయి కనుక, ఇకముందు పెండ్లిళ్లకు అడ్వాన్సు ఇచ్చేటప్పుడే ఈ రెండూ, ప్రచారానికి వాడుకునే సంగతి కూడా, కాగితం మీద రాయించుకోండి.